చిల్లుల చదువు

మా అపార్ట్‌మెంట్ వాళ్ళకి నేనంటే కొంచెం భయం. కరోనా రోజుల్లో నాతోపాటు లిఫ్టు ఎక్కేవాళ్ళు కాదు. "పై అంతస్తు మేడంగారు వైరస్‌లు పెంచుతారంట" అని వాచ్‌మన్ ఎవరితోనో అన్నాడు, ఆ ఎవరో అందరికీ చెప్పారు. నాకేం, లిఫ్టంతా నాదే. ఒకరోజు కింది ఫ్లాటావిడ ధైర్యం చేసి, మెట్ల దగ్గర దూరంగా నిలబడి అడిగింది: "మీ వైరస్ మాకు అంటుకుంటుందాండీ?"

"మీరు నాచు అయితే అంటుకుంటుందండీ" అన్నాను. ఆవిడ చాన్నాళ్ళు నాతో మాట్లాడలేదు.

నేను తమాషాకి అన్నమాట కాదది. నా ఉద్యోగమే అది. చెరువుల్లో, కుంటల్లో నీళ్ళని పచ్చగా చేసే కంటికి కనపడని నాచు ఉంటుంది చూడండి, దానికి జబ్బు తెచ్చే వైరస్‌ల మీద నా పని. మనుషుల జోలికి రావు, మిరప తోటల జోలికి అసలే రావు. ఈ రెండోమాట రైతులకి చెప్పడం మహా కష్టం. ఒకసారి సత్తెనపల్లి దగ్గర రైతుల సభకి వెళితే, నన్ను వైరస్‌ల శాస్త్రవేత్త అని పరిచయం చేశారు. సభ అవగానే ఒక పెద్దాయన ముడుచుకుపోయిన మిరపాకు పట్టుకుని వచ్చాడు.

"అమ్మా, తోటంతా ఇదే. ఏ మందు కొట్టమంటారు?"

"నాది ఈ వైరస్ కాదండీ."

"మరి ఏ పంటదీ? పత్తిదా?"

"ఏ పంటదీ కాదు. కుంటల్లో పాచి ఉంటుంది కదా, దానిది."

ఆయన నా వంక చాలా జాలిగా చూశాడు. "దానికి కూడా జీతం ఇస్తారా అమ్మా?" అన్నాడు. ఇస్తారండీ, ఒకటో తారీఖున కాకపోయినా ఇస్తారు అని చెప్పాను.

నా వైరస్‌లు మామూలువి కావు. వైరస్‌ల్లో వీటిది ఏనుగు జాతి. నీళ్ళలో వైరస్ కోసం వెతికేవాళ్ళు బాగా సన్నటి కన్నాలున్న వడపోత కాగితం మీద నీళ్ళు పోసి, కిందికి దిగినదాన్ని చూస్తారు. పైన మిగిలింది పారేస్తారు. వైరస్ అంటే ఎంత సన్నకన్నంలోంచైనా దూరిపోయేదే అని అందరి నమ్మకం. తీరా చూస్తే మా ఏనుగులు చాలావరకు ఆ కాగితం మీదే కూచుని చెత్తబుట్టలోకి పోతున్నాయి. మా అమ్మ కారం జల్లించేటప్పుడు జల్లెడలో మిగిలింది కూడా పారెయ్యదు, మళ్ళీ రోట్లో వేస్తుంది. ఇంత చదువుకున్నవాళ్ళం మేమెందుకు పారేశామో ఇప్పటికీ తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది.

మాది చీరాల. నాన్న నేతపని చేస్తాడు. చేస్తాడు అనే అంటున్నాను, ఎందుకంటే ఈ వయసులోనూ మగ్గం దిగమంటే ఒప్పుకోడు. నేను గుంటూరులో ఉద్యోగంలో చేరి, మన ప్రాంతం నీళ్ళలో ఈ వైరస్ ఉందో లేదో చూడాలని తిరుగుతున్నప్పుడు, "పచ్చనీళ్ళు కావాలంటే అంత తిరగడం ఎందుకు, వేటపాలెం దారిలో జీడిపప్పు కార్ఖానాల వెనక కుంట ఒకటుంది, పద" అని తీసుకెళ్ళింది నాన్నే. జీడిగింజలు వేగుతున్న కమ్మటి వాసన. ఆ వాసనలో పంచె ఎగ్గట్టి, నాకంటే ముందు నీళ్ళలోకి దిగాడు. నేను నా సీసాలు నింపుకుంటున్నాను. చూస్తే, నాన్న కూడా అమ్మ ఖాళీ చేసిన పచ్చడి సీసా ఒకటి తెచ్చుకుని నింపుకుంటున్నాడు.

"నీకెందుకు నాన్నా?"

"ఈ పచ్చ చూశావా? చిలకపచ్చ కాదు, మావిడాకు పచ్చ కాదు. ఈ రంగులో చీర నేస్తే ఎట్టా ఉంటుందో చూడు! రంగులాయనకి చూపించాలి."

నేతగాళ్ళకి ఇదొక అలవాటు. నచ్చిన రంగు కనపడితే ఆకైనా, పిట్ట ఈకైనా, చివరికి పిల్లల చాక్లెట్ కాగితమైనా జేబులో వేసుకొస్తారు. నాన్న చొక్కా జేబులు ఉతికేముందు అమ్మ భయపడుతూ తడిమి చూసేది. పచ్చడి సీసాలో కుంటనీళ్ళు అందులో కొత్తేం కాదని నేను పట్టించుకోలేదు.

ఆ కుంటలో వైరస్ దొరికింది. దొరికిన రోజు నా ఆనందం ఇంతా అంతా కాదు. ఎలా తెలుస్తుందంటే, గాజుపళ్ళెంలో పల్చగా నాచు పెంచుతాం. పచ్చటి గుడ్డ పరిచినట్టు ఉంటుంది. దానిమీద వైరస్ వేస్తే, అది తిన్నచోటల్లా గుండ్రంగా, తెల్లగా చిల్లులు పడతాయి. చిల్లులు పడితే వైరస్ ఉన్నట్టు. పడకపోతే మన కష్టమంతా బూడిదలో పోసినట్టు. ఆ పళ్ళెం ఫొటో తీసుకుని చీరాల వెళ్ళి నాన్నకి చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చూసి, మొహం చిన్నది చేసుకున్నాడు.

"అయ్యో, ఇన్ని చిల్లులేంటమ్మా? మేం ఒక్క చిల్లు పడితే ఆ పూట అన్నం తినం. నువ్వేమో పళ్ళికిలిస్తన్నావు."

"చిల్లుల కోసమేగా నాన్నా నా చదువంతా!"

"ఓసి నీ చదువు చల్లగుండ" అని అమ్మ లోపలినుంచి.

ఆ కుంట వైరస్‌తో ఒక చిక్కుంది. అది ఆ కుంట నాచునే తింటుంది. వేరేచోటి నాచు వేస్తే ముట్టదు, నోటికి అంత పట్టింపు. ఆ నాచుకి మరో చిత్రమైన అలవాటుంది. మామూలుగా అది ఒంటరిగా తిరగదు. నీళ్ళలో ఈదే ఒక చిన్న ఏకకణ జీవి కడుపులో కాపురం ఉంటుంది. లోపలున్నంతసేపూ వైరస్ దాన్ని ఏం చెయ్యలేదు. బయటికొచ్చిందా, చచ్చిందే. అలాంటి జీవుల్ని పట్టి, లోపలి నాచుని బయటికి తీసి, గాజుసీసాల్లో విడిగా పెంచుకోవడానికి నాకు తాతలు దిగొచ్చారు.

అందుకే మా లాబ్‌లో రెండు గదులు. నాచు పెంచేది పచ్చగది, వైరస్ పని చేసేది చిల్లులగది. పచ్చగదిలోంచి చిల్లులగదిలోకి వెళ్ళొచ్చు, అక్కణ్ణించి ఇక్కడికి మాత్రం ఆ రోజుకి రాకూడదు. ఇంటికెళ్ళి తలస్నానం చేసి, వేరే బట్టలు కట్టుకుని మర్నాడు రావాలి. చిన్నప్పుడు మా వీధి చివర ఒక మామ్మగారు మడి కట్టుకుని ఉంటే, మేం కావాలని వెళ్ళి ముట్టుకుని పారిపోయేవాళ్ళం. ఆవిడ అంతెత్తున లేచేది. ఇప్పుడు ఆ మామ్మగారిని నేనే. నాకంటే పెద్ద మామ్మగారు నా దగ్గర పరిశోధన చేసే అమ్మాయి. సత్తెనపల్లి దగ్గర మిరప రైతుల ఇంటిపిల్ల, గట్టి గొంతు, గట్టి మనిషి. డీన్‌గారు పొరపాటున గడప దాటబోతే, "ఆగండి సార్, ఏం ముట్టుకొచ్చారు?" అని నిలదీసిన ఘనురాలు. ఆ పిల్ల పరిశోధన మొత్తం ఈ నాచు మీద, ఈ వైరస్ మీదే.

నాన్న ఎన్నేళ్ళైనా మా లాబ్ చూడలేదు. పోయిన వేసవిలో కంటి పరీక్షకని గుంటూరు వచ్చినప్పుడు, "ఆ చిల్లులేవో ఒకసారి కళ్ళతో చూస్తానమ్మా" అన్నాడు. తీసుకెళ్ళాను. మిర్చి యార్డు వైపునుంచి గాలి తిరిగి, ఆటోలో దారిపొడుగునా ఇద్దరం తుమ్ముకుంటూనే వెళ్ళాం. పద్ధతి ప్రకారం ముందు పచ్చగది చూపించాలి. నాన్నకి చిల్లుల మీదే ధ్యాస. సరే, అవి చూపించి ఇంటికి పంపేద్దాం అనుకున్నాను. ఒక పళ్ళెం వెలుతురు బల్ల మీద పెట్టి చూపిస్తుండగా ఆఫీసునుంచి ఫోనొచ్చింది. వరండాలోకి వెళ్ళి మాట్లాడుతున్నాను. ఆ అమ్మాయి వెనక సామాను కడుగుతోంది.

ఫోను పెట్టేసి చూస్తే నాన్న చెప్పులు పచ్చగది బయట ఉన్నాయి. పక్కపక్కనే, ముచ్చటగా. ఆ గది తలుపు మీద 'చెప్పులు బయట విడవండి' అని రాయించింది నేనే. నాన్న బుద్ధిగా విడిచి లోపలికి వెళ్ళాడు.

లోపల సీసాల మూతులకి మేం దూది బిరడాలు పెడతాం, గాలి ఆడటానికి. నాన్న ఒక బిరడా తీసి, దూది పీచు బొటనవేలికి చూపుడువేలికి మధ్య సాగదీసి, ట్యూబులైటుకి ఎత్తిపట్టి చూస్తున్నాడు.

"ఎక్కడ కొన్నారమ్మా ఈ పత్తి? పింజ మరీ పొట్టి. నూలుకి బొత్తిగా పనికిరాదు."

"నాన్నా, ఆ చిల్లుల పళ్ళెం మూత తీశావా?"

"తియ్యక? చిల్లు అంచు ఎట్టా ఉందో వేలితో చూడొద్దూ?"

"ఎన్ని బిరడాలు తీశావు?"

"ఒక్కటి చూస్తే ఏం తెలుస్తుందే, అన్నీ చూశా. అన్నీ ఇదే సరుకు. మిమ్మల్నెవరో మోసం చేశారు."

"నాన్నా! కొంప ముంచావు కదయ్యా!" అని నేను అరిచిన అరుపుకి అవతలి లాబ్ వాళ్ళు కూడా బయటికొచ్చారు. అరుపు మా వంశంలోనే ఉంది, దాన్ని ఆపడం నావల్ల కాదు. నాన్న చేతిలోని దూదిని నెమ్మదిగా బిరడాలా చుట్టి, ఎక్కడ తీశాడో అక్కడే పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. జరిగిందేమిటో, ఆ వేలికంటిన వైరస్ సీసాలన్నిట్లోకీ ఎలా వెళ్ళిందో ఆ అమ్మాయి చెప్పింది. మెల్లగా, తాతగారూ తాతగారూ అంటూ, చాలా మర్యాదగా చెప్పింది. అంత మర్యాదగా చెప్పినందుకు ఆయనకి ఇంకా బాధేసిందనుకుంటాను.

విడిగా దాచిన నాచు ఉండాల్సింది. ఉండేది కూడా. ఆ వేసవిలోనే కరెంటు పోయి, ఏసీ ఆగిపోయి, అదంతా బూజు పట్టింది. ఆ వారమే పచ్చగది సీసాల్లోంచి కొత్తగా తీసి దాచాలనుకుంటున్నాం. ఇంతలో సీసాలు ఒక్కొక్కటే పచ్చదనం పోయి, పాలిపోయి, గంజినీళ్ళలా అయ్యాయి. దేన్నీ కాపాడలేకపోయాం. వైరస్ మాత్రం ఫ్రిజ్‌లో క్షేమంగా ఉంది, తినడానికే ఏమీ లేదు. మళ్ళీ ఆ నాచు దొరక్కపోతే వైరస్ ఉన్నా లేనట్టే, ఆ పిల్ల పరిశోధన అక్కడితో ఆగినట్టే.

నా దిగులు ఇలా ఉంటే, చీరాలనుంచి అమ్మ ఫోను చేసింది.

"ఏమే, ఏమన్నావే మీ నాన్నని?"

"ఏమన్నాను? అరిచాను."

"అరిస్తే అరిచావులే, నేను రోజూ అరుస్తా. ఆయన మొదటి పోగుకి వెళ్ళడం మానేశాడు. ఎదురింటివాళ్ళు కొత్త పడుగు ఎక్కించుకుని కూచున్నారు. వాళ్ళ పెద్దమ్మాయి పెళ్ళి చీరే. పిలిస్తే రానంటన్నాడు."

ఈ మాట తెలియాలంటే మా వీధి సంగతి చెప్పాలి. ఎవరింట్లో మగ్గానికి కొత్త పడుగు, అంటే నిలువు పోగులు, ఎక్కించినా, మొదటి పోగు వెయ్యడానికి నాన్ననే పిలుస్తారు. ఆయన హస్తవాసి మంచిదని పేరు. ఆయన నాడె ఒక్కసారి అటూ ఇటూ విసిరి లేస్తే, ఆ చీర చిక్కు లేకుండా, పోగు తెగకుండా దిగుతుందని నమ్మకం. శుభ్రమైన చొక్కా వేసుకుని, నుదుట బొట్టు పెట్టుకుని పెళ్ళికెళ్ళినట్టు వెళ్ళేవాడు. నా చిన్నప్పటినుంచీ ఎవరు పిలిచినా కాదన్నది లేదు.

"ఏమంటున్నాడు?"

"ఏమంటాడు! 'పచ్చగా బతికేదాన్ని నా చెయ్యి తగిలి చంపేసింది, ఆ చెయ్యి పెళ్ళి చీర మీద ఎట్టా వెయ్యమంటావు' అంటన్నాడు. ఎదురింటాయన కూడా మొండిఘటమే, 'నువ్వొచ్చేదాకా మగ్గం కదిలించను' అని కూచున్నాడు. నీ పాచి సంతకెళ్ళ, ముందు ఈ ముసలాయన్ని బాగుచెయ్యి."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఫోనులో నాన్నని పిలవమంటే రాలేదు. బాగుచెయ్యడానికి ఉన్న దారి ఒక్కటే, ఆ నాచు మళ్ళీ దొరకాలి. నేనూ ఆ అమ్మాయీ సీసాలు సర్దుకుని, పొద్దున్నే రైలెక్కి తెనాలి మీదుగా బయల్దేరాం. వేటపాలెం దారిలో ఆటో దిగితే జీడిగింజల వాసన అలాగే ఉంది. కుంట లేదు. ఎర్రమట్టితో చదును చేసి, తెల్లరాళ్ళు పాతి, రంగురంగుల జెండాలు కట్టారు. గొడుగు కింద కూచున్న కుర్రాడు మమ్మల్ని చూడగానే లేచాడు.

"రండి మేడం, తూర్పు ఫేసింగ్ ఒకటే మిగిలింది."

"ఇక్కడ కుంట ఉండాలి బాబూ."

"ఉండేది మేడం. మీరేం భయపడకండి, బాగా పూడ్చేశాం."

ఆ అమ్మాయి అంత గట్టి మనిషి, అక్కడే ఒక తెల్లరాయి మీద కూలబడింది. చుట్టుపక్కల కాలవల్లో, గుంటల్లో దొరికిన నీళ్ళన్నీ నింపుకున్నాం కానీ, అవి ఆ కుంట నీళ్ళు కావని ఇద్దరికీ తెలుసు. ఎండ నెత్తికెక్కింది. "పద, మా అమ్మ దగ్గర అన్నం తిని ఏడుద్దాం" అని దాన్ని చీరాల ఇంటికి తీసుకెళ్ళాను.

మమ్మల్ని చూసి నాన్న, "వచ్చావా అమ్మాయ్" అని మాత్రం అని మగ్గం గుంటలో కూచున్నాడు. నేయడం లేదు, ఊరికే కూచున్నాడు. అమ్మ గోంగూర, వంకాయ వేపుడు వడ్డించింది. నేను చెయ్యి కడుక్కుని, నాన్నని ఎలా కదిలించాలా అని మగ్గం దగ్గరికి వెళ్ళాను. మగ్గం పక్క కిటికీలో నూలు కండెలు, విరిగిన నాడె, కళ్ళజోడు డబ్బా. వాటి వెనక పచ్చడి సీసా.

ఆ సీసా పచ్చగా ఉంది.

"నాన్నా, ఏంటిది?"

"నీకు తెలీదా? ఆ కుంటనీళ్ళే. రంగు ఇంకా కుదర్లేదమ్మా. రంగులాయన ఎన్నిసార్లు అద్దినా పసుపన్నా తిరుగుతుంది, నీలమన్నా తిరుగుతుంది. చూసుకోడానికి ఉంటుందని అట్టే ఉంచా."

"ఇన్నేళ్ళనుంచీనా! ఎండిపోలేదా?"

"నీళ్ళు తగ్గినప్పుడల్లా బావినీళ్ళు పోస్తన్నాగా. పాపం, ఒట్టినీళ్ళతో ఎట్టా బతుకుద్దిలే అని పడుగుకి గంజి పెట్టినప్పుడు ఒక చుక్క దీనికీ వేస్తా."

"ఆ గంజికంపు భరించలేక చస్తన్నా" అంది అమ్మ.

ఆ అమ్మాయి అన్నం చెయ్యి కూడా కడుక్కోకుండా పరుగెత్తుకొచ్చింది. "ముట్టుకోకు!", "ముట్టుకోకండి!" అని ఇద్దరం ఒకళ్ళమీద ఒకళ్ళం అరుచుకున్నాం. కడుక్కుని వచ్చి, సీసాని వెలుగుకి పట్టి, కళ్ళు చికిలించి చూసింది. "మేడం! కదులుతున్నాయి మేడం!" నీళ్ళలో నలకల్లాంటి పచ్చటి చుక్కలు మెల్లగా తిరుగుతున్నాయి. గంజికి బ్యాక్టీరియా పెరిగింది, దాన్ని తిని ఆ ఈదే జీవులు బతికాయి, వాటి కడుపులో మా నాచు భద్రంగా ఉంది. ఉందనుకున్నాం. అది అదేనా, కాదా అన్నది చిల్లులు పడితేగానీ తెలీదు.

"నాన్నా, ఈ సీసా పట్టుకుని ఆటో దాకా రా" అన్నాను కావాలనే.

ఆయన వెనక్కి జరిగాడు. "నువ్వే పట్టుకెళ్ళు తల్లీ. నేను ముట్టుకోను."

రైల్లో గుంటూరు దాకా ఆ సీసా నా ఒళ్ళోనే ఉంది. ఎదురుసీటావిడ పచ్చడా అని అడిగితే, అవునండీ, బాగా ఊరింది అన్నాను.

తర్వాత రోజులన్నీ ఆ అమ్మాయివే. మైక్రోస్కోపు ముందు కూచుని, సన్నటి గాజుగొట్టంతో ఒక్కొక్క జీవినీ పట్టి, కడిగి, మళ్ళీ కడిగి, చిదిపి, పళ్ళెం మీద పరిచింది. తల దువ్వుకోవడం మర్చిపోయింది, వాళ్ళమ్మ ఫోనులు ఎత్తడం మర్చిపోయింది. కొన్నాళ్ళకి పళ్ళెం మీద ఆవగింజలకంటే చిన్న పచ్చచుక్కలు లేచాయి. అవి పెరిగాక, ముందు కొంత విడిగా రెండుచోట్ల దాచి, మిగతాది పచ్చటి గుడ్డలా పరిచి, ఫ్రిజ్‌లోంచి మా కుంట వైరస్ తీసి వేశాం. ఆ రోజు నేను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. అన్నం సయించలేదు. దేవుణ్ణి నమ్మని మనిషిని, వరండాలో నడుస్తూ ఎవరికో దణ్ణం పెట్టుకున్నాను.

మర్నాడు లాబ్ మెట్లెక్కుతుంటే పైనుంచి కేక వినపడింది. సత్తెనపల్లి గొంతు కదా, గేటు దాకా వినపడి ఉంటుంది. "మేడం! పడ్డాయి మేడం, పడ్డాయి!" మెట్లు ఎలా ఎక్కానో తెలీదు. పళ్ళెమంతా చిల్లులే. గుండ్రంగా, తెల్లగా, మా కుంట చిల్లులే. ఆ పిల్ల నన్ను కావిలించుకుని ఏడుస్తుంటే, నేను దాని భుజమ్మీదుగా ఫోను తీసి నాన్నకి చేశాను. అమ్మ ఎత్తింది. ఈసారి బలవంతంగా ఆయన చెవికి పెట్టించాను.

"నాన్నా, చిల్లులు పడ్డాయి!"

ఆయన చాలా జాగ్రత్తగా, "ఎన్నమ్మా?" అన్నాడు.

"లెక్కపెట్టలేనన్ని."

"అమ్మయ్య" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక, చిల్లులు పడ్డాయంటే ఆయన నోట ఆ మాట రావడం అదే మొదటిసారి అయివుంటుంది. "నాచు ఎక్కడ దొరికింది తల్లీ?"

"ఎక్కడేంటి నాన్నా, నీ సీసాలోదే. నువ్వు గంజిచుక్క వేసి పెంచినదే. ఈ దేశంలో అదింకెక్కడా లేదు, నీ చేతిలో తప్ప."

అటునుంచి ముక్కు చీదుకున్న చప్పుడు. నేను కూడా ఇవతల అదే పనిలో ఉన్నాను. అంతలో ఫోను ఎక్కడో పెట్టేసినట్టున్నాడు, దూరంనుంచి ఆయన గొంతు, వీధంతా వినపడేట్టు వినపడింది.

"ఏమే, నా తెల్లచొక్కా ఎక్కడ పెట్టావు? ఎదురింటికెళ్ళి మొదటి పోగు వేసొస్తా!"